మెకానికల్ ఫ్రెషర్‌కి కన్సల్టెన్సీనా, కాంట్రాక్టింగా?

ప్రశ్న: అన్నలూ, మాది హన్మకొండ. బీటెక్ మెకానికల్ అయింది. హైదరాబాద్‌ల ఏసీ డిజైన్ కన్సల్టెన్సీ ఒకటి, డక్టింగ్ (ఏసీ గాలి పోయే రేకు గొట్టాలు), పైపింగ్ చేసే కాంట్రాక్టర్ ఒకరు పిలిచిన్రు. జీతం దాదాపు ఒకటే. ఎటు పోవాలె?

జవాబు 1: ముందు కాంట్రాక్టింగే తమ్మీ. కన్సల్టెంట్ హీట్ లోడ్ (గదిలకెల్లి తీసెయ్యాల్సిన వేడి) లెక్కేసి, సుమారు టన్ను ఏసీకి 400 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) అనుకొని డక్ట్ గీస్తడు. సైట్‌ల అదే జాగల బీమ్, స్ప్రింక్లర్ పైపు, కేబుల్ ట్రే అడ్డమొస్తయ్. డక్ట్ ఎత్తు తగ్గించి వెడల్పు పెంచుతరు. ఏరియా అంతే ఉన్నా రాపిడి పెరుగుతది, చివరి గదికి గాలి చాలదు. చిల్డ్ వాటర్ (ఏసీకి పోయే చల్లనీళ్ల) పైపుకు పని ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టి టెస్ట్ చేసినంకనే ఇన్సులేషన్ చుట్టాలె. తొందరపడి ముందే చుడితే లీకు ఎక్కడుందో దొరకది. వేపర్ బ్యారియర్ (ఇన్సులేషన్‌లకు తేమ పోకుండ ఆపే పొర) అతుకు తెరుచుకొని ఉన్నదా, వానకాలం ఫాల్స్ సీలింగ్ మీద నీళ్లు కారుడే.

జవాబు 2: నిజమే, కానీ ఏండ్లకేండ్లు బిల్లులు, లేబర్ చుట్టే తిరిగితే సైక్రోమెట్రిక్ చార్ట్ (గాలిల వేడి, తేమ లెక్కల పటం) మర్చిపోతరు, మళ్లీ డిజైన్‌కు రావుడు కష్టం. రెండు చోట్లా అడుగు. కన్సల్టెన్సీల: లోడ్ లెక్కలు నాతో చేయిస్తరా, ఉత్త రెవిట్ సాఫ్ట్‌వేర్‌ల బొమ్మలు గీసుడేనా? కాంట్రాక్టర్‌ను: షాప్ డ్రాయింగ్ (సైట్‌ల బిగించేటందుకు గీసే వివరమైన బొమ్మ), ఎయిర్ బ్యాలెన్సింగ్ (ప్రతి గదికి సరిపడ గాలి పోయేటట్టు సర్దుడు) పనులు ఇస్తరా, మెటీరియల్ లెక్క రాసుడేనా?

ప్రశ్న అడిగినవారు: రామగుండం, మంచిర్యాల జైపూర్ దిక్కు పవర్ ప్లాంట్ షట్‌డౌన్ పనులు (ప్లాంట్ ఆపి చేసే రిపేర్లు) ఎట్లుంటయ్?

జవాబు 1: అది బాయిలర్, టర్బైన్ పని, దారి వేరు. ఏ కాంట్రాక్టరైనా ఆఫర్ లెటర్, పీఎఫ్ కాగితం మీద ఉండాలె. బిల్లు పాసైతేనే జీతం అంటే వద్దను.