తెచ్చుకున్న కుక్కను 19వ రోజున తిరిగి ఇచ్చేశాం. తప్పు మాదేనా?

పెరటిగుమ్మం:
ఒక రెస్క్యూ సంస్థ దగ్గర నాలుగేళ్ల మగకుక్కను దత్తత తీసుకున్నాం. 19 రోజులకు తిరిగి ఇచ్చేశాం. మా బాబుకు ఆరేళ్లు. కుక్క తింటున్నప్పుడు వాడు పక్కనుంచి వెళ్తే చాలు, గుర్రుమనేది. ఒకరోజు గిన్నె దగ్గరికి దొర్లిన బంతి తీసుకోబోతే వాడి చొక్కా చేతిని నోట పట్టి లాగింది. పన్ను దిగలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఒకామె "బొమ్మ అనుకున్నారా అండీ?" అంది. "పిల్లలతో బాగుంటుంది" అని ముందు చెప్పింది కూడా వాళ్లే. మొహమాటం లేకుండా చెప్పండి, తప్పు ఎవరిది?

మూడోఅంతస్తు:
మీది కాదు బ్రదర్. నేనూ ఒకసారి కుక్క కోసం అడిగాను. ఇల్లు చూస్తామన్నారు, ఇంట్లో అందరితో మాట్లాడాలన్నారు, ఊరెళ్తే ఎవరు చూస్తారని అడిగారు. ఉద్యోగం ఇంటర్వ్యూ కూడా ఇంత సాగదు. చివరికి పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరని కాదన్నారు. మన గురించి అన్ని ఆరాలు తీసేవాళ్లు కుక్క గురించి మాత్రం ఒక్క ముక్క సరిగ్గా చెప్పరు. షెల్టర్లు నిండిపోయాయంటారు, అడిగినవాళ్లనేమో తరిమేస్తారు.

ఫోస్టరమ్మ:
నేను రెస్క్యూ కుక్కల్ని ఇంట్లో ఉంచుకుని చూస్తుంటాను కాబట్టి మా వైపు సంగతి చెబుతాను.

కుక్క వచ్చిన రోజే ఎవరికీ ఇవ్వం. ముందు రెండు వారాలు వేరుగా ఉంచాలి. పార్వో (కుక్కలకు వచ్చే ప్రాణాంతక వాంతులు, విరేచనాల వైరస్) సోకినా సాధారణంగా 3 నుంచి 7 రోజుల దాకా పైకి కనిపించదు, ఒక్కోసారి 14 రోజులు పడుతుంది. డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బు ఇంకా ఆలస్యంగా బయటపడొచ్చు. తొందరపడి మిగతా వాటితో కలిపితే షెల్టర్‌లోని కుక్కపిల్లలు చాలా పోవచ్చు. తర్వాత టీకాలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఇవన్నీ అయ్యాకే దాని స్వభావం చూడటం.

అసలు చిక్కు అక్కడే. చుట్టూ ఇరవై కుక్కలు మొరుగుతుంటే కొన్ని బిక్కచచ్చి మూల ముడుచుకుంటాయి. మేం దాన్ని చూసి "నెమ్మదైన కుక్క" అని రాసేస్తాం. నేనూ అలా రాశాను ఒకసారి. తీసుకెళ్లిన వాళ్ల తలుపు వారం తిరక్కుండా సగం కొరికేసింది. మాలో ఒక లెక్క ఉంది: బెరుకు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి 3 నెలలు. శాస్త్రమేమీ కాదు, అనుభవంతో వేసుకున్న కాకిలెక్క. కానీ మీరు దాని అసలు రంగు బయటపడే వేళకే తిరిగి ఇచ్చేశారు.

పిల్లలున్న ఇంట్లో కొన్నాళ్లు ఉంచి చూడకుండా "పిల్లలతో బాగుంటుంది" అనకూడదు. అది మా వాళ్ల తప్పే. ఇక దత్తత కాగితాల్లో "ఉంచుకోలేకపోతే మాకే తిరిగి ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు" అని రాయించుకుంటాం. మీరు చేసింది అదే. ఆమె ఆ మాట అనాల్సింది కాదు.

మూడోఅంతస్తు:
బాగానే ఉంది. మరి నన్నెందుకు కాదన్నట్టు?

ఫోస్టరమ్మ:
మీరు అడిగింది పిల్లకుక్కనా? ఎన్ని నెలల పిల్లయితే సుమారు అన్ని గంటలే మూత్రం ఆపుకోగలదని ఒక అంచనా. మూడు నెలల పిల్లను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా వదిలేస్తే ఎలాగండీ? అయితే "కాదు" అని ఊరుకోకుండా, ఒంటరిగా ఉండటం అలవాటైన పెద్దకుక్కను చూపించాల్సింది.

సూదిమందు:
పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. అందరూ రెస్క్యూని తిడుతున్నారు గానీ గుర్రుమనడం గురించి ఎవరూ మాట్లాడలేదు. అది కుక్క మనకిచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. గిన్నెకు కాపలా కాసే కుక్కకు వేరే గదిలో తలుపు వేసి పెట్టాలి, తినేదాకా పిల్లల్ని అటు వెళ్లనివ్వకూడదు, గిన్నె లాక్కోకూడదు. పన్నునొప్పో చెవినొప్పో ఉన్నా ఇలాగే చిరాకు పడతాయి, అదీ చూపించాలి. పిల్లాడి చర్మం గీరుకుపోయి ఉంటే, టీకాలు వేసిన కుక్కే అయినా, సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

నాదొక ప్రశ్న. మొదటిసారి గుర్రుమన్నది ఎప్పుడు? ఆ రోజే వాళ్లకు చెప్పారా?

పెరటిగుమ్మం:
నాలుగో రోజు. చెప్పలేదు. చెబితే తీసుకెళ్లిపోతారేమో, మాకు చేతకాదనుకుంటారేమో అని టెన్షన్. అడిగారు కాబట్టి ఇంకోటీ చెబుతాను. ఫారంలో "పెద్దవాళ్లు ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉంటారు" అని రాశాను. నిజానికి మా ఆవిడ ఇంటి నుంచి పనిచేసేది వారానికి రెండు రోజులే. గిన్నె పెట్టింది కూడా వంటగది గుమ్మం దగ్గర, అందరం నడిచేచోట.

మూడోఅంతస్తు:
అయ్యో. అయినా నేను మీ వైపే. ఈ ఫారాల బదులు రెండు వారాలు ఉంచుకుని చూడమని ఇస్తే ఎవరూ అబద్ధం రాయరు కదా.

ఫోస్టరమ్మ:
కొందరు ఇస్తారు. "ఎలాగూ తిరిగిచ్చేయొచ్చు" అని తేలిగ్గా తీసుకునేవాళ్లూ ఉంటారు, అదీ బాధే. పిల్లలున్న ఇళ్లకు మాత్రం అలా ఇవ్వడమే మంచిదని ఒప్పుకుంటాను.

తోకముడి:
తప్పెవరిదో తర్వాత తేల్చుకోండి. తిరిగొచ్చిన కుక్క కాగితం మీద ఏం రాశారో ముందు కనుక్కోండి. "కరిచింది" అని ఉంటే దాన్ని అడిగేవాళ్లు ఉండరు. చోటు లేని షెల్టర్లలో కొన్నిచోట్ల అలాంటి వాటికి ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తారు కూడా. "తింటుంటే గిన్నె దగ్గరికి చెయ్యి వస్తే చొక్కా పట్టింది, పన్ను దిగలేదు" అన్నది వేరే సంగతి. నాలుగేళ్ల కుక్క ఇంకో ఏడెనిమిదేళ్లు బతకొచ్చు.

పెరటిగుమ్మం:
నాకు తట్టనే లేదు ఇది. నిన్న రాత్రే అన్నీ రాసి పంపాను: నాలుగో రోజు, గుమ్మం దగ్గర గిన్నె, బంతి, ఫారంలో నా అబద్ధం. కాగితం మీద నిజంగానే "కరిచింది" అని ఉందట, మార్చారు. ఇప్పుడది పిల్లల్లేని ఇంట్లో ఉంది. తలుపు వేసిన గదిలో తింటోందట, ఇంతవరకూ గుర్రుమనలేదట. ఆ మాటన్నావిడే ఫోన్ చేసింది. సారీ చెప్పలేదు, నేనూ అడగలేదు. దాని దుప్పటి మా దగ్గరే ఉండిపోయిందట, అది లేకపోతే పడుకోవట్లేదంది. బాబూ నేనూ సాయంత్రం వెళ్లి ఇచ్చి వస్తాం.