థాడియస్ స్టీవెన్స్‌కు 1821 నాటి కేసును క్షమించవచ్చా?

పాతకోర్టు:
అమెరికాలో నల్లజాతివారికి పౌరసత్వం ఖాయం చేసిన 14వ రాజ్యాంగ సవరణ కోసం ముందువరసలో పోరాడిన పెన్సిల్వేనియా ప్రతినిధి స్టీవెన్స్‌ను నిన్న ఇక్కడ ఒకరు "బానిస యజమాని వకీలు" అని ఒక్క మాటతో కొట్టిపారేశారు. ఆ కేసు వాదించేనాటికి ఆయనకు 29 ఏళ్లు. తర్వాత చేసినవి చూడండి. 1835లో ఉచిత పాఠశాలల చట్టం రద్దు కాకుండా శాసనసభలో అడ్డుపడ్డారు. నల్లవారి ఓటు తీసేశారని 1838లో రాష్ట్ర రాజ్యాంగంపై సంతకం చేయలేదు. పారిపోయిన బానిసలను పట్టుకోవడానికి సాయపడని కాస్ట్‌నర్ హాన్వేపై 1851లో రాజద్రోహం మోపితే ఆయన పక్షాన నిలిచారు.

గట్టుమీద:
ఆ కేసేమిటో మాత్రం చెప్పలేదు. యజమాని పక్షం మేరీలాండ్ నుంచి పెన్సిల్వేనియాకు తెచ్చిన బానిస స్త్రీ. 1780 చట్టం ప్రకారం ఆరు నెలలు అక్కడ ఉంచితే ఆమెకు విడుదల. వచ్చిపోయిన రోజులన్నీ కలిపితే ఆరు నెలలు దాటాయని ఆమె వైపువారు అన్నారు. కాదు, ఏకబిగిన ఉండాలన్నారు స్టీవెన్స్. గెలిచారు. తల్లీ పిల్లలూ మళ్లీ బానిసత్వంలోకే.

రేగడి:
వకీలన్నాక వచ్చిన కేసు వాదిస్తాడు. వైద్యుడు రోగిని ఎంచుకుంటాడా?

పాతకోర్టు:
"ఏకబిగిన" అన్నది ఆయన కల్పన కాదు, చట్టానికి కోర్టు ఒప్పుకున్న అర్థం. ముందు ఇది తేల్చుకుందాం.

గట్టుమీద:
ఈ లెక్క నాకు చిన్నప్పుడే తెలుసు. మా నాన్నగారు ఒక మిల్లులో పనిచేసేవారు. పర్మనెంటు అడిగితే తీసేశారు. 240 రోజులు నిండలేదని యాజమాన్యం వకీలు వాదించాడు. మధ్యలో వాళ్లే బలవంతంగా ఇంట్లో కూర్చోబెట్టిన రోజులను విరామమన్నాడు. హాజరు కార్డులు అమ్మ ఇప్పటికీ బియ్యం డబ్బా వెనక దాచింది. ఓడినవాళ్ల పక్కన బెంచీ మీద మీరెప్పుడైనా కూర్చున్నారా?

వెన్నెలవాగు:
లాంకాస్టర్‌లో మిగతా శ్మశానాలు నల్లవారిని రానివ్వవని, అందరినీ రానిచ్చే చిన్నచోట తనను పూడ్చమన్నారు స్టీవెన్స్. 1868లో పోయారు. ఆ కారణం సమాధి రాతి మీదే ఉంది.

పాతకోర్టు:
కూర్చోలేదు. ముప్పై ఏళ్లు లేబర్ కోర్టులో యాజమాన్యాల తరఫునే వాదించాను. ఆయనకు క్షమాపణ లేదంటే నాకూ లేదు. మీరు అడుగుతున్నది అదే కదా?

గట్టుమీద:
మిమ్మల్ని క్షమించడానికి నేనెవరిని? మీ మొదటి పోస్టు మళ్లీ చదవండి. గెలిపించిన హాన్వే పేరు ఉంది. ఓడించిన ఆమె పేరు లేదు. చారిటీ బట్లర్. తర్వాత ఆయన ఎంత మంచి చేసినా అది ఆమె ఇంటికి చేరలేదు.

రేగడి:
ఇద్దరూ శాంతించండి.

పాతకోర్టు:
చారిటీ బట్లర్. రాయాల్సింది. మీ నాన్నగారికి ఎన్ని రోజులు తక్కువయ్యాయి?

గట్టుమీద:
పదకొండు.