రిపేరు తర్వాత పాత మెయిల్స్: సర్వర్ మీదుగా తేవాలా, ఫైల్‌గా మోయాలా?

ప్రశ్న:
నా విండోస్ లాప్‌టాప్ మదర్‌బోర్డు పోయి మూడు వారాలు రిపేరులో ఉంది. అన్నాళ్లూ లినక్స్ ఉన్న పాత కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకుని నెట్టుకొచ్చాను. రెండింట్లోనూ పాప్ ఖాతానే (సర్వర్‌లోని మెయిల్స్‌ని కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి). లాప్‌టాప్ వచ్చింది, డిస్క్‌కి ఏమీ కాలేదు. పదేళ్ల మెయిల్స్ అందులోని అవుట్‌లుక్ మెయిల్ ప్రోగ్రామ్ దాచిన పీఎస్‌టీ ఫైల్‌లో ఉన్నాయి, ఈ మూడు వారాలవి థండర్‌బర్డ్‌లో. ఇక లినక్స్‌లోనే ఉండిపోదామని నిర్ణయించుకున్నాను. పీఎస్‌టీ కాపీ చేసి తెచ్చుకుంటే సరిపోతుందా?

సమాధానం 1:
సరిపోదండి. పీఎస్‌టీ అవుట్‌లుక్ సొంత ఫార్మాట్, లినక్స్‌లోని థండర్‌బర్డ్ దాన్ని నేరుగా తెరవలేదు. అవుట్‌లుక్‌లోనే అదే ఖాతాను ఐమాప్‌గా (మెయిల్స్ సర్వర్‌లోనే ఉండి అన్ని యంత్రాల్లోనూ కనిపించే పద్ధతి) మరోసారి చేర్చండి, సెట్టింగ్స్‌లో పోర్టు నంబరు 993. పీఎస్‌టీలోని ఫోల్డర్లను అందులోకి కాపీ చేయండి. అవి సర్వర్‌కి ఎక్కుతాయి, లినక్స్‌లోనూ ఐమాప్ పెట్టుకుంటే అక్కడ కనిపిస్తాయి. మీది విండోసా లినక్సా అన్నది సర్వర్‌కి అనవసరం. 1986లో మార్క్ క్రిస్పిన్ ఐమాప్‌ని రూపొందించినప్పటి నుంచీ దాని బలం అదే.

సమాధానం 2:
నేను ఒప్పుకోను. పదేళ్ల మెయిల్‌కి సర్వర్‌లో జాగా ఉండాలి కదా? జీమెయిల్ ఉచిత ఖాతాలో ఇచ్చేది 15 జీబీ, అదీ ఫోటోలు, డ్రైవ్‌తో కలిపి. పైగా ఐమాప్ అంటే బ్యాకప్ కాదు. నేనొకసారి ఫోన్‌లో ఒక ఫోల్డర్ తీసేస్తే కంప్యూటర్‌లోనూ పోయింది. అందులో మా నాన్నగారు రాసిన మెయిల్స్ ఉన్నాయి. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు.

లినక్స్‌లో రీడ్‌పీఎస్‌టీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పీఎస్‌టీని ఎంబాక్స్ ఫైళ్లుగా మారుస్తుంది. ఎంబాక్స్ అంటే మెయిల్స్ ఒకదాని కింద ఒకటి రాసిన మామూలు టెక్స్ట్ ఫైల్. వాటిని థండర్‌బర్డ్ ప్రొఫైల్‌లోని లోకల్ ఫోల్డర్స్‌లో పెడితే ఫోల్డర్లుగా కనిపిస్తాయి. మన మెయిల్ మన డిస్క్ మీద ఉంటుంది.

సమాధానం 3:
దారి గురించి తర్వాత వాదించుకుందాం. ముందు ఆ లాప్‌టాప్‌లో అవుట్‌లుక్ తెరవకండి, నెట్ ఆపేయండి. పాప్‌లో ‘సర్వర్‌లో కాపీ ఉంచు’ అన్న టిక్ లేకపోతే, తెరిచిన మరుక్షణం సర్వర్‌లో మిగిలినవన్నీ లాగేసుకుని అక్కడ చెరిపేస్తుంది. పీఎస్‌టీని బయటి డిస్క్‌కి కాపీ చేశాకే మిగతా పని. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి.

ఇంకో సంగతి. పాప్ దించేది ఇన్‌బాక్స్‌ని మాత్రమే. మీరు పంపిన మెయిల్స్ సాధారణంగా పంపిన యంత్రంలోనే ఉండిపోతాయి. అంటే ఈ మూడు వారాల జవాబులు ఆ లినక్స్ కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేవు. వచ్చినవి పోతే ఎవరినైనా మళ్లీ పంపమని అడగొచ్చు. మనం ఇచ్చిన మాట, రాసిన లెక్క, ఒప్పుకున్న గడువు మనం పంపినవాటిలోనే ఉంటాయి. జనం ఎక్కువగా పోగొట్టుకునేవీ అవే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నా మాట: మోయడానికి ఐమాప్, దాచుకోవడానికి ఎంబాక్స్. ఒక్కో ఏడాదీ విడిగా ఎక్కించి, రెండువైపులా ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి.

సమాధానం 2 రాసినవారు:
నెట్ ఆపమన్నది నాకు తట్టలేదు, మంచి మాట చెప్పారు. కానీ సర్వర్ మీదికి ఎక్కించడం దేనికి? ఎంబాక్స్ ఒక్కటే చాలు కదా.

సమాధానం 3 రాసినవారు:
ఫోన్‌లో పాత మెయిల్ వెతకాల్సి వస్తే? లోకల్ ఫోల్డర్లు ఆ ఒక్క యంత్రానికే. అదీ ఒకనాడు రిపేరుకి వెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పీఎస్‌టీ 11 జీబీ ఉంది, నా సర్వర్ ఇచ్చేది 5 జీబీ. అందుకని గత మూడేళ్లవి ఐమాప్‌తో ఎక్కించాను, అంతకుముందువి ఎంబాక్స్ చేసి లోకల్ ఫోల్డర్స్‌లో పెట్టాను, ఒక కాపీ బయటి డిస్క్‌లో ఉంది. లెక్క చూస్తే పంపినవాటిలో 41 తక్కువ వచ్చాయి. అన్నీ పెద్ద అటాచ్‌మెంట్లున్నవే, సైజు ఎక్కువని సర్వర్ తీసుకోలేదు. లెక్క చూడమనకపోతే నాకు తెలిసేదే కాదు. ఆ 41 కూడా లోకల్ ఫోల్డర్స్‌లోకి తెచ్చుకున్నాను.