సీ లాంగ్వేజ్ ప్రాజెక్టులో ఒకదాన్నొకటి ఇన్‌క్లూడ్ చేసుకునే హెడర్లను (డిక్లరేషన్లు ఉండే .h ఫైళ్లను) ఎలా విడదీయాలి?

ప్రాజెక్టులో సుమారు 600 సోర్స్ ఫైళ్లున్నాయి. దాదాపు అన్నీ మొదటి లైన్లోనే కామన్ హెడర్‌ని ఇన్‌క్లూడ్ చేస్తాయి, అది ఇంకో 40 హెడర్లను లాక్కొస్తుంది. అందులో ఒక్క మాక్రో విలువ మార్చినా అంతా మళ్లీ కంపైల్ కావాల్సిందే, 14 నిమిషాలు.

జీసీసీ కంపైలర్‌కి మైనస్ హెచ్ (-H) ఆప్షన్ ఇచ్చి, ఏది దేన్ని లాగుతోందో చూసుకుని కామన్ హెడర్‌ని ముక్కలు చేస్తున్నాను. పాయింటర్లు మాత్రమే ఉన్నచోట ఫార్వర్డ్ డిక్లరేషన్‌తో (టైపు పేరు మాత్రమే ముందుగా చెప్పడం) పని జరిగిపోయింది. చిక్కంతా ఒక జంట దగ్గరే. సెషన్ స్ట్రక్ట్‌లో (కొన్ని మెంబర్లను కలిపిన టైపు) టైమర్ స్ట్రక్ట్ పాయింటర్‌గా కాకుండా నేరుగా మెంబర్‌గా ఉంది. టైమర్‌లోనేమో సెషన్ హెడర్‌లోని ఈనమ్ (పేర్లు పెట్టిన విలువల టైపు) ఉంది. ఒకే హెడర్ రెండుసార్లు రాకుండా ఆపే ఇన్‌క్లూడ్ గార్డ్ వల్ల రెండోసారి హెడర్ ఖాళీగా వచ్చి, 'ఇన్‌కంప్లీట్ టైప్' (టైపు పూర్తి వివరం ఇంకా తెలియదని) ఎర్రర్ పడుతోంది. సెషన్ హెడర్‌లో ఇన్‌క్లూడ్ లైన్‌ను ఈనమ్ కిందికి దించాను. సెషన్ ఫైలు కంపైలైంది, టైమర్ ఫైలు అదే ఎర్రర్‌తో ఆగింది. అయినా వరుస మీద ఆధారపడే హెడర్లు నాకు అస్సలు వద్దు, ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు తప్పక ఇరుక్కుంటారు.

టైమర్‌ని పాయింటర్‌గా మార్చొచ్చు, కానీ ప్రతి సెషన్‌కీ మాలాక్, ఫ్రీ (మెమరీ తీసుకోవడం, వదిలేయడం) విడిగా చూసుకోవాలి. ఇలాంటి జంటలు ఇంకా 12 ఉన్నాయి.

ఇలాంటి చోట మాడ్యూల్‌కొకటి చొప్పున టైపులు మాత్రమే ఉండే హెడర్ విడిగా పెట్టడం మేలా, పాయింటర్లకు మారడం మేలా?