అప్‌డేట్: కాటమరాన్ మీద కెమెరా చివరికి ఎక్కడ పెట్టామంటే

రేసులో వీడియో తీయడానికి చిన్న కాటమరాన్ (పక్కపక్కనే రెండు పడవల్ని కలిపినట్టుండే తెరచాప పడవ) మీద కెమెరా ఎక్కడ బిగించాలి, లెన్స్ మీద నీటి చుక్కలకి ఏం చేయాలి అని అడిగాను కదా, ఇప్పుడు చాలావరకు సెట్ అయింది. ఎక్కువమంది చెప్పిన వెనక బీమ్ (ఆ రెండిటినీ కలిపే అడ్డ దూలం) మధ్యలో కెమెరా కర్ర నిలబెట్టడం మాకు కుదరలేదు, ఎందుకంటే టాక్ చేసేటప్పుడు, అంటే గాలికి ఎదురుగా బోటుని అటువైపు మళ్లించేటప్పుడు, పొడవాటి టిల్లర్ ఎక్స్‌టెన్షన్‌ని (చుక్కాని తిప్పడానికి పట్టుకునే కడ్డీ) మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపని లాగే తాడు) వెనక నుంచి అటువైపు తిప్పాలి, అది వెళ్లి సరిగ్గా కర్రకే తగులుతోంది. అందుకే ముందు బీమ్ చివర, వెనక్కి చూసేలా పొట్టి మౌంట్ పెట్టాం. ట్రాపీజ్ మీద (నడుముకి తగిలించుకున్న తీగతో బోటు బయటికి వేలాడుతూ) ఉన్నవాళ్లూ, తెరచాపా రెండూ కనిపిస్తున్నాయి. కెమెరాకి వేరే తాడు కట్టి నేరుగా బీమ్‌కే ముడేశాం, మౌంట్ విరిగినా టెన్షన్ లేదు.

అక్కడ నీళ్లు బాగా కొడతాయి. లెన్స్‌ని నాకమన్న సలహా చూసి నవ్వుకున్నా గానీ నిజంగానే పనిచేసింది, నీళ్లు చుక్కలుగా నిలవకుండా పల్చటి పొరలా జారిపోతున్నాయి. కాకపోతే మధ్యమధ్యలో మళ్లీ చేయాలి, రేసులో అంత తీరిక ఎవరికుంటుంది?

కెమెరాలో స్టెబిలైజేషన్ (వీడియోలో కుదుపులు తగ్గించే సెట్టింగ్) ఆపేశా. ఆన్‌లో ఉంటే బోటే ఫ్రేమ్‌లో ఊగుతూ ఉంటుంది, తర్వాత తెరచాప ట్రిమ్ (దాన్ని ఎంత లాగి సర్దామన్నది) పోల్చి చూసుకోవడం కష్టం. ఊరికే అందంగా కనిపించాలంటే మాత్రం ఆన్‌లో ఉంచుకోండి.

గాలి హోరు తగ్గలేదు. మా ఇద్దరి అరుపులు రికార్డవకపోవడమే మంచిదని దాన్ని వదిలేశా.