చలిలో నడిస్తే దగ్గు, పిల్లికూతలు: నాన్నగారి నడక మాన్పించాలా?

ప్రశ్న

మా నాన్నగారికి 64 ఏళ్లు. ఉబ్బసం చాలాకాలంగా ఉన్నా మందులతో అదుపులోనే ఉంటూ వచ్చింది. చలి ముదిరినప్పటి నుంచి మాత్రం, తెల్లవారుజామున నడిచి వచ్చాక అరగంట దాకా దగ్గు ఆగడం లేదు. ఛాతీ పట్టేసినట్టుందంటున్నారు, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు పక్కనున్నవాళ్లకు కూడా వినిపిస్తున్నాయి. నడక మాన్పించి, తలుపులు మూసి వెచ్చగా కూర్చోబెట్టడం మేలా, లేక జాగ్రత్తలతో కొనసాగించవచ్చా? ఆయనకు నడకంటే ప్రాణం కాబట్టి మానమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

మొదటి సమాధానం

నడక మాన్పించకండి, నడిచే తీరు మార్చండి. నాకూ ఉబ్బసం ఉంది. ముక్కుతో పీల్చిన గాలి ఊపిరితిత్తుల లోతుకు చేరేలోగా సుమారు 37 డిగ్రీలకు వేడెక్కి, కావలసినంత చెమ్మను పుంజుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ మనకు తెలియకుండానే నోటితో పీలుస్తాం కాబట్టి, ముక్కు చేయాల్సిన పని శ్వాసనాళాల మీద పడుతుంది. చలిగాలిలో తేమ తక్కువ కనుక నాళాల లోపలి పొర ఆరిపోయి, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. మీకు వినిపిస్తున్న కూతలు ఆ ఇరుకు దారిలోంచి వచ్చేవే.

నేను మెత్తని మఫ్లర్‌ను రెండు మడతలు వేసి, ముక్కూ నోరూ కప్పేలా వదులుగా చుట్టుకుంటాను. పది నిమిషాలు నడిచేసరికి లోపలి మడత వెచ్చగా, కాస్త తడిగా తగులుతుంది. మనం వదిలిన ఊపిరిలోని వేడీ చెమ్మా ఆ బట్టలో నిలిచి, తర్వాత పీల్చే గాలికి అందుతాయన్నమాట. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా నడవమనండి. ఇన్‌హేలర్‌ను పైచొక్కా జేబులో కాక ఒంటికి ఆనే లోపలి జేబులో ఉంచుకోమనండి. డబ్బా బాగా చల్లబడితే మందు సరిగా వెలువడదు.

రెండో సమాధానం

పై సలహా మంచిదే కానీ, మఫ్లర్ చలిని ఆపుతుంది తప్ప సన్నని ధూళిని ఆపదు. గాలి కదలని చలి రాత్రుల్లో నేలను ఆనుకున్న గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది, దాని మీద వెచ్చని గాలి మూతలా పరుచుకుంటుంది. వాహనాల పొగ, మంటల పొగ ఆ మూత కిందే చిక్కుకుంటాయి. తెల్లవారుజామున స్వచ్ఛంగా అనిపించే గాలి నిజానికి అలాంటిదే కావచ్చు. ఎండ ఎక్కి నేల వేడెక్కాక ఆ పొర విడిపోతుంది కాబట్టి, నడకను ఆ వేళకు మార్చడం మంచిది. పీఎం 2.5 అనే ఆ అతి సన్నని ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. అంతకు ఎన్నో రెట్లు ఉన్న రోజుల్లో ఇంట్లోనే అటూ ఇటూ నడవడం మేలు.

మూడో సమాధానం

తలుపులన్నీ మూసి కూర్చోబెట్టడం గురించి నాకు భయంగా ఉంది. ఒక చలికాలం రాత్రి మేము గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నాం. తెల్లారేసరికి అందరికీ తల పగిలిపోయే నొప్పి, వికారం. బొగ్గులు కాలినప్పుడు వెలువడే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఆ రాత్రి నిద్రలోనే ప్రాణాలు పోయేవని తర్వాత తెలిసింది. మూసిన గదిలో మంట వద్దు.

ఇంకొక మాట. ఇంతకుముందు లేని పిల్లికూతలు ఇప్పుడు వస్తున్నాయంటే, ఉబ్బసం అదుపు తప్పుతోందని అర్థం. ముందు డాక్టర్ గారికి చూపించండి. వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్నించినవారి సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న డాక్టర్ గారికి చూపించాం. ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో తన ఎదుటే చేసి చూపమన్నారు. నాన్నగారు నొక్కిన తర్వాత ఒక క్షణం ఆగి అప్పుడు పీలుస్తున్నారు. మందులో చాలా భాగం నాలుకకూ గొంతుకూ అంటుకుపోతోందట. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇచ్చి, నెమ్మదిగా లోతుగా పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టడం నేర్పించారు. ఫ్లూ టీకా కూడా వేశారు; దాని రక్షణ ఏర్పడడానికి రెండు వారాలు పడుతుందని, ఆలోగా జలుబు ఉన్నవారికి దూరంగా ఉండమని చెప్పారు. ఈరోజు ఎండ వచ్చాక, మఫ్లర్ చుట్టుకుని ఇరవై నిమిషాలు నడిచారు. ఇంటికి వచ్చాక రెండుసార్లు దగ్గి, మంచినీళ్లు అడిగారు.