పర్లాకిమిడిలో విశాఖ 927 రికార్డింగ్: గరగర, ఒక్క చెవిలోనే శబ్దం

ప్రశ్న: పర్లాకిమిడి శ్రోత
మాస్టార్లకు నమస్కారం. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్‌లో వచ్చే నాటకాలు ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, ఇంట్లో పాత సీడీ ప్లేయర్‌లో పెట్టుకుని వినాలని. రేడియో ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ గులాబీ రంగు మైక్ రంధ్రానికి రెండు కొసలా 3.5 పిన్నున్న వైరు పెట్టాను. ఎడమ వైపే వస్తోంది. ఒకటే గరగర. ఆడాసిటీలో వాల్యూమ్ ఎంత తగ్గించినా గొంతులు చిరుగుతున్నాయి. గంట నాటకానికి టైమర్ పెడితే పది నిమిషాలే పడింది. తప్పెక్కడ?

జవాబు: రాయగడ టంకం
వైరు సంగతి చెప్తాను బాబూ. మీ రేడియో మోనో, అంటే ఒకే చానెల్. రెండు చానెళ్ల స్టీరియో పిన్ను దూర్చితే మధ్య రింగు ఎర్త్‌కి తగులుతుంది, అందుకే కుడివైపు మూగ. ఏం పాడవలేదు, ఆడాసిటీలో చానెల్ మోనో పెట్టండి చాలు.

చిరుగు వేరే జబ్బు. మైక్ రంధ్రం కొద్ది మిల్లీవోల్టుల కోసం కట్టింది, ఇయర్‌ఫోన్ దానికి ఎన్నో రెట్లు తోస్తుంది. ఆడాసిటీ చేతికి రాకముందే లోపలి ఆంప్లిఫయర్‌లో శబ్దం నలిగిపోతుంది, తర్వాత తగ్గించి లాభం లేదు. ముందు విండోస్‌లో మైక్రోఫోన్ బూస్ట్ సున్నా చెయ్యండి. చాలకపోతే వైరు మధ్యలో కోసి, సిగ్నల్ తీగకు వరసలో 10 కిలో ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత ల్యాప్‌టాప్ వైపు సిగ్నల్‌కీ ఎర్త్‌కీ మధ్య 1 కిలో ఓమ్ టంకం పెట్టండి. పదకొండో వంతే వెళ్తుంది. మైక్ రంధ్రం సొంతంగా కొద్దిపాటి డీసీ వదులుతుంది కాబట్టి ఆ రెండిటి తర్వాత వరసలో 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ప్లస్ కాలు ల్యాప్‌టాప్ వైపు. డెస్క్‌టాప్‌కి నీలం రంగు లైన్ ఇన్ రంధ్రం (ఇలాంటి పెద్ద సిగ్నల్ కోసం కట్టింది) ఉంటే ఈ గొడవేం లేదు.

జవాబు: కడ్డీ తిప్పేవాడు
గరగర సగం చార్జర్‌దే. అది స్విచ్చింగ్ సప్లై, మీడియం వేవ్ నిండా చెత్త చల్లుతుంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి, రేడియోకీ సెల్లులే వాడండి. ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జర్ కూడా ఆపి చూడండి. రేడియోని ల్యాప్‌టాప్‌కి రెండు మూడు మీటర్ల దూరం పెట్టండి, వైరు పొడుగైనా ఫర్వాలేదు.

ఇక అందరూ మరిచిపోయేది: రేడియో లోపల యాంటెనాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీకి స్టేషన్ సిగ్నల్ పక్కనుంచి తగలాలి, కొసనుంచి కాదు. పర్లాకిమిడికి విశాఖ నైరుతిలో, సుమారు 150 కిలోమీటర్లు. కాబట్టి కడ్డీ వాయవ్యం–ఆగ్నేయంగా పడుకోవాలి. రాయగడకి విశాఖ దాదాపు దక్షిణం, అక్కడ తూర్పు–పడమరగా. కొస చూపే వైపు నుంచి వచ్చే సిగ్నల్‌కి కడ్డీ దాదాపు చెవిటిదే, కనుక గరగర పుట్టే వస్తువు కొసవైపు పడేలా సర్దుకోండి. చీకటి పడ్డాక వచ్చే హెచ్చుతగ్గులకు మాత్రం మందు లేదు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆ ప్రసారం దొరికితే రాత్రి పూట అదే మేలు.

జవాబు: డిస్కుల గుట్ట
పది నిమిషాలకే ఆగిందంటే ల్యాప్‌టాప్ నిద్రపోయింది. పైన చెప్పినట్టు చార్జర్ పీకితే ఇంకా తొందరగా పోతుంది, ఎందుకంటే విండోస్‌లో బ్యాటరీ మీద స్లీప్ సెట్టింగ్ విడిగా ఉంటుంది. అక్కడ నెవర్ పెట్టండి, మూత వెయ్యకండి.

44,100 హెర్ట్జ్, మోనో, 16 బిట్. గంటకి సుమారు 318 ఎంబీ. ఆడాసిటీ మామూలుగా 32 బిట్‌లో దాస్తుంది, అప్పుడు రెట్టింపు. డిస్క్‌లో చోటు చూసుకోండి. రికార్డింగ్ మీటర్ గీత గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్ తాకాలి.

పాత ప్లేయర్ ఆడియో సీడీనే చదువుతుంది. దానిమీద 80 నిమిషాలే పడతాయి, మోనో అయినా స్టీరియోగానే లెక్క. ప్లేయర్ మీద ఎంపీ3 అని రాసి ఉంటే 64 కేబీపీఎస్‌లో గంటకి 29 ఎంబీ, ఒక్క డిస్కుకి దాదాపు 24 గంటలు. ఒక్కసారే రాయగల సీడీ-ఆర్ కొనండి, చెరిపి మళ్లీ రాసే సీడీ-ఆర్‌డబ్ల్యూని పాత ప్లేయర్లు చాలాసార్లు పట్టవు. 8 లేదా 16 రెట్ల వేగంతో రాసి, ఫైనలైజ్ చెయ్యడం (డిస్కుని ముగించి మూసెయ్యడం) మానకండి.

పర్లాకిమిడి శ్రోత
చార్జర్ పీకి, కడ్డీ తిప్పేసరికి గరగర చాలావరకు పోయింది మాస్టారూ. బూస్ట్ ముందే సున్నాలో ఉంది, చిరుగు అలాగే ఉంది. రేపు రెసిస్టర్లు తెస్తాను. పావు వాట్‌వి సరిపోతాయా?

రాయగడ టంకం
సరిపోతాయి. టంకం పెట్టాక ఎర్త్ తీగ రెండు కొసలా తెగకుండా ఉందో మీటర్‌తో చూసుకోండి, తెగితే కొత్త గుర్రు మొదలవుతుంది.